అల్లుడికి ఆకుకూర పెట్టకూడదా?

గత దసరాకు కొత్త అల్లుడు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, బగారా అన్నం, మాంసం కూరతో పాటు కాస్త పుంటికూర పప్పు కూడా చేద్దామని నేను అన్నాను. వంటింట్లో పీట మీద కూర్చొని అల్లం, వెల్లుల్లి దంచుతున్న మా అమ్మ చెయ్యి ఆపి, "కొత్త అల్లునికి ఆకుకూర పెడ్తవా బిడ్డా? నలుగురు వింటే నవ్వరా?" అని అడిగింది. డెబ్బై ఆరేళ్ల మా అమ్మ ఇన్నేళ్లలో తిన్న కూరల్లో ముక్కాలు వంతు ఆకుకూరలే అయి ఉంటాయి. అయినా అల్లుడి కంచంలో ఆకు కనిపించడం ఆమెకు పరువు తక్కువ. ఆ రోజు ఆమె మాటే నెగ్గింది, పప్పు చేయలేదు. అప్పటి నుంచి ఈ విషయం గురించి రాయాలనుకుంటూ, ఈ వేసవి సెలవుల్లో తీరిక చేసుకున్నాను.

మాది దేవరకొండ వైపు ఒక మెట్ట ఊరు. ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్లుగా నల్లగొండలో ఉంటున్నాను. మా వైపు చుట్టం వస్తే కోడిని కోయాలి, కోడి లేకపోతే గుడ్లు వండాలి, అవీ లేకపోతే కనీసం ముద్దపప్పు చేసి నెయ్యి వేయాలి. ఆకుకూర ఇంట్లో ఏమీ లేనప్పటి కూర. దావత్‌లలో గమనించండి: వంకాయ కూర ఉంటుంది, ఈ మధ్య పనీరు కూడా వచ్చి చేరింది, పచ్చని ఆకు మాత్రం మాంసం మీద చల్లిన కొత్తిమీరగానే కనిపిస్తుంది. 2014లో జరిగిన ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలో శాకాహారులు నూటికి ఇద్దరు కూడా లేరు. నేనూ మాంసం తినే మనిషినే, మానేయాలని ఎవరికీ చెప్పబోవడం లేదు. అయితే మా చిన్నతనంలో మాంసం అంటే దసరా, ఎల్లమ్మ పండుగ, ఊళ్లో ఎవరో యాటను కోసి కుప్పలు వేసి పంచిన రోజు. మిగిలిన మూడు వందల చిల్లర రోజులు మేము తిన్నది జొన్నలు, కందులు, పెసలు, నువ్వులు, వాటి పక్కన ఏదో ఒక ఆకు. దానికి మేము ఏ పేరూ పెట్టలేదు. ఇప్పుడు నగరాల్లో మొక్కల ఆధారిత ఆహారం అని గౌరవంగా పిలిచేది దాదాపుగా ఆ కంచాన్నే.

ఆ కంచం ఎందుకు మారిందో నాకు కొంతవరకు గుర్తుంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు నేను మూడో తరగతిలో ఉన్నాను. అంతవరకు పండుగ పూట మాత్రమే చూసిన తెల్లన్నం రోజూ రావడం మాకు ఎంత సంబరమో మాటల్లో చెప్పలేను, ఆ బియ్యం ఎన్నో ఇళ్లలో ఆకలిని ఆపింది కూడా. కానీ జొన్న రొట్టె, గటక పక్కన కూర లేకపోతే ముద్ద దిగదు. అన్నానికి ఆ ఇబ్బంది లేదు, పచ్చిపులుసుతోనో ఇంత తొక్కుతోనో గిన్నెడు అన్నం ఇట్టే వెళ్లిపోతుంది. అలా అన్నం పెరిగింది, కూర చెంచాడుకు తగ్గింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన పథకంతో రేషన్ దుకాణాల్లో సన్న బియ్యమే ఇస్తున్నారు కాబట్టి, ముద్ద ఇంకా సులువుగా దిగుతుంది.

నా కథకు వస్తాను. ఏడేళ్ల కిందట, నలభై నాలుగేళ్ల వయసులో, బడిలో పై అంతస్తుకు మెట్లు ఎక్కుతుంటే ఆయాసం మొదలైంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, ఆడవాళ్లకు 12 ఉండాలి. అదే కాగితంలో మూడు నెలల చక్కెర సగటు 6.2 అని ఉంది, అంటే షుగర్ గడప దగ్గర నిలబడి ఉన్నానన్నమాట. నాకు ఇందులో ప్రత్యేకత ఏమీ లేదని తర్వాత తెలిసింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. షుగర్ విషయానికి వస్తే, భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగి 2023లో వెలువడిన అధ్యయనం, దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని అంచనా వేసింది. మా ఉపాధ్యాయుల గదిలో మధ్యాహ్నం డబ్బాలు తెరిచినప్పుడు ఎనిమిది మందిలో ముగ్గురు ముందుగా మాత్ర వేసుకునేవారు.

డాక్టరమ్మ నాకు ఇనుము మాత్రలు రాసిచ్చి, "ఏం తింటున్నారు?" అని అడిగారు. నేను గొప్పగా "అన్నీ తింటానమ్మా" అన్నాను. ఆమె ఊరుకోకుండా నిన్న ఉదయం నుంచి ఏమేమి తిన్నారో వరుసగా చెప్పమన్నారు. చెప్పుకుంటూ వెళ్తుంటే నాకే సిగ్గేసింది: ఉదయం ఉప్మా, మధ్యాహ్నం అన్నం, ఆలుగడ్డ వేపుడు, మామిడికాయ తొక్కు, వెంటనే చాయ్, సాయంత్రం మిర్చి బజ్జీ, మళ్లీ చాయ్, రాత్రి అన్నం, పప్పుచారు. ఆ వారంలో ఆకుకూర తిన్నది ఒక్కసారి, అది కూడా పాలకూర పకోడీలో.

మాత్రలు మూడు నెలలు క్రమంగా వాడాను. నా హిమోగ్లోబిన్ పెరగడంలో పెద్ద వంతు ఆ మాత్రలదేనని ముందే చెప్పడం న్యాయం. తోటకూర తిని రక్తం పట్టించుకున్నానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గాని, అంత తక్కువగా ఉన్నప్పుడు ఆకు ఒక్కటే సరిపోదు. మన పోషకాహార నిపుణుల లెక్కలో వయసులో ఉన్న స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆకుల్లో, గింజల్లో ఉండే ఇనుము మాంసంలోని ఇనుము అంత తేలికగా ఒంటికి పట్టదు. మాత్రలు ఆపిన తర్వాత మళ్లీ కిందికి జారకుండా నిలబెట్టింది మాత్రం కంచంలో వచ్చిన మార్పే అని నా నమ్మకం. ఆ తర్వాత ఏటా చేయించుకుంటున్న పరీక్షల్లో ఒక్కసారి కూడా 11.5 కిందికి రాలేదు.

ఇక్కడే నాకు మా పాత వంటల మీద గౌరవం పెరిగింది. ఆకుల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే దానితో పాటు సి విటమిన్ ఉండాలని, పులుపు అందుకు తోడవుతుందని, చాయ్‌లోని వగరు దాన్ని అడ్డుకుంటుందని శాస్త్రం చెబుతుంది. పుంటికూర తానే పుల్లన, చుక్కకూర పుల్లన, చింతచిగురు పుల్లన. పులుపు లేని తోటకూరలోనో పాలకూరలోనో మా అమ్మ పచ్చి మామిడికాయ ముక్కో టమాటానో వేస్తుంది. నేను చేసిన మొదటి మార్పుకు పైసా ఖర్చు కాలేదు: భోజనం కాగానే తాగే చాయ్‌ని గంటన్నర వెనక్కి జరిపాను. ముప్పై ఏళ్ల అలవాటు కాబట్టి మొదటి రెండు వారాలు తలనొప్పితో పాటు కోపం కూడా వచ్చింది. రెండో మార్పు, కూర దించిన తర్వాత నిమ్మకాయ పిండడం. వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది కనుక పొయ్యి మీద ఉండగా పిండితే లాభం తక్కువ.

ఆకులోని మరో పోషకం ఫోలేట్ గురించి చెప్పేటప్పుడు మాత్రం బడిలో నా గొంతు కాస్త పెరుగుతుంది, ఎందుకంటే ఆ కథలో మన తెలుగువాడు ఉన్నాడు. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్ట్ సారం తినిపిస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో పనిచేసిన పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పదేళ్ల తర్వాత 1941లో అమెరికాలో పాలకూర ఆకుల నుంచి ఒక ఆమ్లాన్ని వేరు చేసి, లాటిన్‌లో ఆకును సూచించే మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945 నాటికి దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కొత్త రక్తకణాలు పుట్టడానికి, కడుపులోని బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడడానికి ఇది అవసరం. గర్భం వచ్చిన తొలి వారాల్లోనే, చాలామందికి ఆ సంగతి తెలియకముందే, ఆ పని జరిగిపోతుంది కాబట్టి, పెళ్లయిన పిల్లలకు నెల తప్పిన తర్వాత కాకుండా ముందు నుంచే ఫోలిక్ మాత్రలు, ఆకుకూరలు అలవాటు చేయడం మంచిది. మా అమ్మాయికి నేను ఈ మాటే చెప్పాను. ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది. ఆకును ఉడికించి, పిండి, ఆ నీళ్లు పారబోసే అలవాటు ఉన్నవాళ్లు సగం కూరను మోరీలో పోస్తున్నట్టే.

ఆకులకు ఆ పచ్చదనం వెనుక దాగి ఉన్న పసుపు రంగు ఒకటి ఉంటుంది, బీటా కెరోటిన్. మన శరీరం దాన్ని ఎ విటమిన్‌గా మార్చుకుంటుంది. అది నూనెలోనే కరుగుతుంది కాబట్టి, నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకు నుంచి కంటికి అందేది తక్కువ. బరువు తగ్గాలని మా సహోద్యోగి ఒకరు ఆకులను ఆవిరి మీద ఉడికించి ఉప్పు చల్లుకొని ముఖం వికారంగా పెట్టుకొని తినేవారు, అది శిక్ష. మా వైపు తోటకూర వేపుడులో దించేముందు గుప్పెడు నువ్వుల పొడి వేస్తారు, ఆ పొడితో కావలసిన నూనె, కొంత కాల్షియం, కమ్మని వాసన ఒక్కసారే వస్తాయి.

కాల్షియం మాట వచ్చింది కాబట్టి నల్లగొండ జిల్లా గురించి చెప్పకుండా ఉండలేను. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఫ్లోరైడు నీళ్ల కథ దేశానికంతా తెలుసు. నాతో పాటు చదువుకున్నవాళ్లలో పళ్లపై పసుపు, గోధుమ చారలు లేనివారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. తిండిలో కాల్షియం, సి విటమిన్ తక్కువైన పిల్లల్లో ఆ నీళ్లు చేసే హాని మరింత తీవ్రంగా ఉంటుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతోందని 2002లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. మునగాకులో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతమాత్రాన వంగిన ఎముకలను ఏ ఆకూ నిలబెట్టలేదు. మా ప్రాంతానికి అసలు మందు మంచినీళ్లే. కృష్ణా నీళ్లు గడప దాకా వచ్చిన తర్వాత పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉండడం తరగతి గదిలో నేను రోజూ చూస్తున్నాను. మంచినీళ్లకు తోడుగా ఇంటి వెనక ఒక మునగచెట్టు ఉంటే మంచిదన్నది మాత్రమే నా మాట.

రక్తపోటు సంగతి మా ఆయనది. 1997లో అమెరికాలో వెలువడిన డ్యాష్ అనే పెద్ద ప్రయోగంలో, ఉప్పు తగ్గించకుండానే, పండ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాల పదార్థాలు బాగా పెంచి, కొవ్వు తగ్గించి ఎనిమిది వారాలు పెడితే, బీపీ ఉన్నవారిలో పై సంఖ్య సగటున 11 పాయింట్లు తగ్గింది. ఆకుల్లో, కూరగాయల్లో ఉండే పొటాషియం అందుకు ఒక కారణం. మా ఆయన బీపీ మాత్ర మానలేదు, మానకూడదు కూడా. మోతాదు మాత్రం డాక్టరు సగానికి తగ్గించారు. ఆయనతో నాకు వచ్చిన పేచీ పుంటికూర తొక్కు దగ్గర. "అది ఆకుకూరే గదా?" అని ఆయన వాదన. ఏడాది నిలవ ఉండే తొక్కులో ఆకు కంటే ఉప్పు, నూనెలదే పెత్తనం కాబట్టి నేను దాన్ని ఆకుకూర లెక్కలో వేయను. ఆ పేచీ ఇంకా తెగలేదు.

చక్కెర విషయంలో నాకు పనికివచ్చింది కంచంలో కొలతను తలకిందులు చేయడం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో పెద్దవారికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పులు, 250 గ్రాముల ధాన్యం అని ఉంది. ఆ 400 గ్రాములు ఎంత ఉంటాయో చూద్దామని ఒక ఆదివారం వంటింటి తూకం ముందు పెట్టుకున్నాను. గడియారం సెంటర్ దగ్గర అవ్వ పది రూపాయలకు ఇచ్చే తోటకూర కట్టలో వేర్లు, ముదురు కాడలు, పురుగు తిన్న ఆకులు తీసేస్తే మిగిలింది 110 గ్రాములు. అది వేగాక చిన్న గిన్నెలో అడుగున కూర్చుంది. నలుగురున్న మా ఇంట్లో ఒకే కట్ట వండి ఆకుకూర తిన్నామని ఇన్నాళ్లూ అనుకున్నామా అని నవ్వు వచ్చింది. అప్పటి నుంచి నాలుగు కట్టలకు తక్కువ తేవడం లేదు. మొదటిసారి అడిగినప్పుడు అవ్వ, "ఏంది టీచరమ్మా, మేకలు పెంచుతున్నవా?" అంది.

ఇప్పుడు మా కంచంలో ముందు కూర పడుతుంది, సగం దానిదే. మిగిలిన సగంలో అన్నమో జొన్న రొట్టో ఒక పాలు, పప్పు ఒక పాలు. ఆకుల్లోని పీచు వల్ల అన్నంలోని పిండిపదార్థం నెమ్మదిగా రక్తంలోకి వెళుతుంది, కడుపు త్వరగా నిండుతుంది, పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులకు అదే మేత. మూడు నెలల సగటు 6.2 నుంచి మొదటి ఏడాది చివరికి 5.8కి వచ్చింది. రోజూ సాయంత్రం రామగిరి వైపు నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి ఆకుది ఎంత, నడకది ఎంత అని పంచి చెప్పలేను. నేను ఊహించని లాభం మరొకటి, మలబద్ధకం పోవడం. దాని గురించి ఎవరూ రాయరు గాని, నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే ముందు మాట్లాడుకునేది అదే.

శుభ్రం చేయడమే ఆకుకూరతో ఉన్న అసలు కష్టం, అందుకే ఉద్యోగాలు చేసే ఇళ్లలో అది వెనకబడింది. కట్ట విప్పి, ఆకులు తుంచి, పెద్ద గంజులో నీళ్లు నింపి అందులో వేసి చేత్తో కిందికీ మీదికీ తిప్పి, ఆకును పైకి తీయాలి. గంజును వంచితే అడుగున తేరిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. మూడోసారి నీటి అడుగున వేలు పెట్టి రాస్తే గరుకు తగలకూడదు. నేను శనివారం రాత్రి వార్తలు చూస్తూ మూడు రకాలు తుంచి, కడగకుండా బట్టసంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను, వండే పూట కడుగుతాను. మా ఆయన కూడా ఈ పనిలో కూర్చుంటారు. పుంటికూర తుంచడంలో ఆయన చెయ్యి నా కంటే వేగం.

ఎక్కడి ఆకు అన్నది కూడా చూడాలి. హైదరాబాదు మురుగంతా మోసుకొని మూసీ మా ఉమ్మడి జిల్లాలోకే వస్తుంది, భువనగిరి, సూర్యాపేటల మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లతో పెరిగిన ఆకు నిగనిగలాడుతూ అందంగానే ఉంటుంది, కానీ నేను కొనను. అమ్మేవారిని ఏ ఊరి తోటదని అడుగుతాను, వారు ఏమీ అనుకోరు. మురుగు అంటిన ఆకును పచ్చిగా తినడం, రసం తీసి తాగడం మంచిది కాదు. అసలు ఆ పచ్చరసాల మీద, డబ్బాల్లో అమ్మే మునగాకు పొడుల మీద నాకు మొదటి నుంచీ చిన్నచూపు. పెరట్లో పుల్ల గుచ్చితే చెట్టయ్యే మునగకు వందల రూపాయలు పోసి, చెంచాడు పొడి నీళ్లలో కలుపుకొని తాగి, మళ్లీ గిన్నెడు అన్నం తొక్కుతో తినడం వల్ల ఏం మారుతుందో నాకు అర్థం కాదు.

అందరికీ అన్ని ఆకులూ సరిపడవన్నది కూడా నిజం. పాలకూర, తోటకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారు వాటిని తగ్గించుకొని మెంతికూర వంటివి తినడం మేలు. గుండె కవాటం మార్చుకొని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడే మా పెద్దనాన్నకు డాక్టరు ఆకుకూరలు మానేయమని చెప్పలేదు, ఒకరోజు కుప్పగా, మరోరోజు అసలు లేకుండా కాకుండా ఎప్పుడూ ఒకే కొలతలో తినమన్నారు; ఆకుల్లోని కె విటమిన్ ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరినవారికి పొటాషియం భారం కాబట్టి వారు డాక్టరును అడగకుండా ఏదీ పెంచకూడదు. ఇక పాలు, పెరుగు, గుడ్డు కూడా వదిలి పూర్తిగా మొక్కల తిండికి మారేవారు బి12 మాత్ర వేసుకోవాల్సిందే. ఏ ఆకులోనూ అది నమ్మదగినంతగా లేదు, లోపం బయటపడేసరికి కాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలవుతాయి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది విత్తకుండా మొలిచే ఆకుకూరలు కనిపించకుండా పోవడం. తొలకరి పడిన పదిహేను రోజులకు మా అమ్మ కలుపుకు వెళ్లి, సాయంత్రం ఒడి నింపుకొని వచ్చేది. అందులో గంగవాయిలి కూర, కొయ్యగూర, దొగ్గలికూర, లేత గునుగాకు, చెంచలికూర కలిసే ఉండేవి. గునుగు అంటే మనం బతుకమ్మలో పేర్చే గునుగే; లేతగా ఉన్నప్పుడు కూర, ముదిరి పూసిన తర్వాత పండుగ. గంగవాయిలి దళసరి ఆకు, ఎర్రటి కాడ, నేలకు అంటుకొని పాకుతుంది. దాన్ని పోలిన మరో మొక్క ఉంది, కాడ తుంచితే తెల్లటి పాలు వస్తాయి, అది తినకూడదు. ఈ తేడాను అమ్మ నాకు ఆరేళ్ల వయసులోనే నేర్పింది. చేపల్లో ఉంటుందని చెప్పుకునే ఒమేగా-3 కొవ్వులకు బంధువైన కొవ్వు ఈ గంగవాయిలిలో ఆకుకూరలన్నిటి కంటే ఎక్కువని చదివినప్పుడు, కందిపప్పులో వేసి ఆమె వండిన ఆ జిగురు పప్పు నాలుక మీదికి వచ్చింది.

ఇప్పుడు మా ఊరి చెలకలన్నీ పత్తి. కూలి ధరలు పెరిగి, కలుపు తీసే మనుషులు దొరకక, రైతులు గడ్డిమందు కొడుతున్నారు. వారిని తప్పు పట్టే స్థితిలో నేను లేను, మా తమ్ముడు కూడా కొడుతున్నాడు. మందు పడిన చేనులో మొలిచిన ఏ ఆకునూ తెంపకూడదు కాబట్టి, ఒడి నింపుకొని వచ్చే దారి మూసుకుపోయింది. నా ప్రయత్నంగా మిద్దె మీద ఆరు టబ్బుల్లో తోటకూర, మెంతికూర, పుంటికూర వేశాను. తోటకూర ఇరవై ఐదు రోజుల్లో కోతకు వస్తుంది, మొదలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వారానికి రెండు పూటల కూర వెళ్తుంది. మెంతికూర మాత్రం ఎండలకు రెండుసార్లు మాడిపోయింది, చలికాలం దాకా దాని జోలికి వెళ్లను.

ఈ రాసిందంతా నిన్న సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. ఇనుము, ఫోలేట్ దగ్గర ఆమె కునుకు తీసింది. పెరట్లో లేని కూరల పేర్లు వచ్చినప్పుడు మాత్రం కళ్లు తెరిచి, వేళ్లు మడుస్తూ, "ఐదేనా? ఎలుకచెవుల కూర రాయలే, తడకదొబ్బుడు కూర రాయలే, అత్తిలి కూర యాడ పాయె?" అంది. వాటిలో రెండింటిని నేను చూసినా గుర్తుపట్టలేను. తమ్ముడి పొలం పక్కన, గడ్డిమందు పడని అరెకరం బీడు ఒకటి మిగిలిందట; మృగశిర కార్తెలో వాన పడ్డాక అక్కడికి తీసుకెళ్లి చూపిస్తానంది. సంచి తెచ్చుకోనా అని అడిగితే, "సంచి ఎందుకే, కొంగు లేదా?" అంది.